మూడంగుళాలకో చుక్క

చిక్కడపల్లి సందులో
ఆరడుగుల వెడల్పు డీటీపీ షాపు నాది.
మాఘమాసం, పెళ్లికార్డుల గిరాకీ.
వరుడి పేరు పక్కన నల్లటి చుక్క
ఎవరూ పెట్టమనకుండానే దిష్టిచుక్కలా పడుతున్నది.

ఫోన్ చేసిన.
"ఖలీముద్దీన్ భాయ్, ప్రింటర్ ఖరాబైంది. అర్జెంటు."
అటు చాయ్ గ్లాసు కింద పెట్టిన చప్పుడు.
"ఖరాబంటే?"
"ఖరాబంటే ఖరాబే. మీరొచ్చి చూడుండ్రి."
"జర నువ్వే చూడమ్మా. చూసి చెప్పు."
పెట్టేసిండు.

ఒళ్లు మండింది.
తెలిస్తే నేనెందుకు అడుగుత?
అడగడానిక్కూడా కొంత తెలియాలన్న సంగతి
అప్పటికింకా తెలియదు నాకు.

కాగితం పట్టుకొని ట్యూబులైటు కిందికి పోయిన.
ఒక్క చుక్క కాదు, నాలుగు.
పైనుంచి కిందికి ఒకే వరుస,
కుడి అంచుకు రెండు వేళ్ల దూరం.
పక్కషాపు సూర్యకళ దగ్గర బట్టలు కొలిచే టేపు అరువు తెచ్చి పెట్టిన.
చుక్కకూ చుక్కకూ నడుమ మూడంగుళాలు.
వెంట్రుకవాసి తేడా లేదు.
అక్షరమే లేని కాగితం పంపినా వస్తున్నది.
నిన్న సాయంత్రం దాకా లేదు.

మళ్లీ చేసి ఇవన్నీ అప్పజెప్పిన,
ఎక్కం చెప్పిన పిల్లలెక్క.
"మూడంగుళాలకోసారి తిరిగొచ్చేది
ఆ మిషన్ల ఒక్కటే. డ్రమ్ము.
నువ్వు అడగలే బిడ్డా, జవాబే చెప్పినవ్."
కాసేపాగి,
"నిన్న సాయంత్రం ఏం చేసినవ్?"

ఏం చెయ్యలేదన్న.

"ఊఁ" అన్నడు. ఫోను పెట్టలేదు.
అవతల ఎవరో డబ్బాలో స్క్రూలు ఏరుతున్న శబ్దం
చాలాసేపు వినబడ్డది.

నిన్న సాయంత్రం
గుజరాతీ గల్లీలో నూట ఇరవైకి దొరికిన పొడి
వీడియో చూసుకుంట నేనే నింపిన.
మూత రాకుంటే స్క్రూడ్రైవరు పెట్టి లేపిన.
చుక్కల నడుమ దూరం చెప్పిన నోరు
ఈ రెండు ముక్కలకు ఎండిపోయింది.

గ్లాసు పగిలింది, పాలు పొంగినయ్,
తాళంచెవి పోయింది.
చిన్నప్పటినుంచి మన ఇండ్లల్ల అన్నీ వాటంతటవే జరిగినయ్.
పగలగొట్టిన, పొంగించిన, పోగొట్టిన
అన్న మాటలు తెలుగులో లేనట్టే పెరిగినం.
ఖరాబైంది అన్నప్పుడు కూడా
నేనా వాక్యంలో లేను.

"నేనే చేసిన భాయ్" అన్న.

తిట్లకోసం చెవి ఫోనుకు కొంచెం దూరంగా పెట్టుకున్న.
"గీత పడ్డది డ్రమ్ము మీద.
నాలుగొందల యాభై.
కాట్రిడ్జ్ సంచిలో చుట్టుకొని రా, ఎండ తగలనియ్యకు."
అంతే.

చెనాయ్ ట్రేడ్ సెంటర్, మెట్ల కింద షాపు.
ఏడేండ్ల ఫోన్ల తర్వాత మొదటిసారి చూసిన మనిషిని.
నల్లద్దాలు. నేనొచ్చిన వైపు కాక
నా చెప్పుల చప్పుడు వైపు తిరిగిన ముఖం.
స్క్రూలు విప్పేది మేనల్లుడి చేతులు,
ఏది విప్పాల్నో చెప్పేది ఆయన.
"షుగరు తీస్కపోయిందమ్మా, మూడేండ్లాయె.
ఇప్పుడు ఫోన్ల మీరెంత చూస్తే నాకంత వెలుతురు.
ఖరాబైంది అంటరు చూడు,
అప్పుడు కరెంటు పోయినట్టుంటది."

నవ్విండు. నాకు నవ్వు రాలేదు.
"రండి, చూడండి" అని
ఎన్నిసార్లన్ననో లెక్కపెట్టుకుంట
ఎనిమిదో నంబరు బస్సు ఎక్కాల్సింది ఇంకేదో ఎక్కిన.

ఇప్పుడు నా షాపుకొచ్చే పిల్లలు
"అక్కా, ఫైలు వస్తలేదు" అంటే
తెర మీద ఏం రాసున్నదో మొత్తం చదివిపిస్తున్న.
గుడ్లు తిప్పుతరు. తిప్పనీ.

మొన్న షట్టర్ దించుతుంటే సూర్యకళ అడిగింది,
"ఏందే, ముఖం అట్లున్నది?"
"మనసు బాగలేదు" అన్న.
అని ఆగిన.
ఎప్పటినుంచి? ఎన్ని రోజులకోసారి?
దానికి ముందు రోజు సాయంత్రం
నేనేం చేసిన?

ఆమె టేపు
ఇంకా నా సొరుగులోనే ఉన్నది.